నాడి అందదు, మనిషి మాట్లాడుతుంటాడు

ఈవెనింగ్ సిస్టర్ ఓవర్ ఇస్తూ, అంటే డ్యూటీ అప్పగిస్తూ, "ఆరో బెడ్ పీపీఐ, స్టేబుల్" అని ఒక్క ముక్కలో తేల్చేసి వెళ్లిపోయింది. నైట్ డ్యూటీకి కొత్తగా చేరిన అమ్మాయి మందుల చార్ట్ రెండుసార్లు తిరగేసి నా దగ్గరికొచ్చింది. "సిస్టర్, ఆరో బెడ్‌కి పీపీఐ అన్నారు కదా, పాంటప్రజోల్ ఎక్కడా రాయలేదేంటి?" తప్పు ఆమెది కాదు. కడుపు మంట మందుల్నీ పీపీఐ అంటాం, పర్మనెంట్ పేస్‌మేకర్ పెట్టడాన్నీ పీపీఐ అంటాం. ఆ బెడ్ మీదున్న పెద్దాయనకి ఎడమ కాలర్ ఎముక కింద, డ్రెస్సింగ్ లోపల, అగ్గిపెట్టె కన్నా కాస్త పలచని మెషిన్ ఉంది. ఆ రాత్రంతా ఆయన్ని చూసుకోవాల్సిన నర్సుకి మాత్రం ఆ సంగతి తెలియదు.

విశాఖలో నర్సుగా పనిచేసేవాళ్లకి గుండె పేషెంట్లు కొత్త కాదు. 1923 నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ ఊళ్లు, ఒడిశా సరిహద్దు పల్లెల జనం రోగమొస్తే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దారే పడుతున్నారు. ఇప్పుడు ఆరిలోవ హెల్త్ సిటీ కూడా ఉంది. మారింది ఏమిటంటే, వాళ్లు ఒంట్లో మోసుకొస్తున్న మెషిన్లు. ఒకాయనకి హైదరాబాద్‌లో పెట్టిన ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే లోపలినుంచే షాక్ ఇచ్చే మెషిన్, ఉంటుంది. ఇంకొకావిడకి విదేశంలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు పెట్టిన తీగ లేని పేస్‌మేకర్ ఉంటుంది. వీళ్లు కార్డియాలజీ వార్డుకే వస్తారన్న గ్యారంటీ ఏమీ లేదు. తుంటి విరిగి ఆర్థోలో చేరతారు, డయాలసిస్‌కి వస్తారు, కాన్పుకి వస్తారు.

పేరు తెలియని మెషిన్ కనిపించగానే ఫోన్ తీసి దాని గురించి చదవబోతాం. చదవాల్సిందే, కానీ నేనైతే దాన్ని రెండో పని అంటాను. ఈ మనిషి దగ్గర నా చేతికి అలవాటైన కొలతల్లో ఏది చెల్లదు? ముందు తేల్చుకోవాల్సింది ఇది. నాడి, బీపీ, మానిటర్ మీద అంకె, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), గుండె చప్పుడు అనే ఈ ఐదింటినీ మనం కళ్లు మూసుకుని నమ్ముతాం. గుండె మెషిన్లలో కొన్ని వీటిలో ఒకదాన్ని అబద్ధం చేస్తాయి, కొన్ని నాలుగింటిని చేస్తాయి. ఆ అబద్ధం ఏదో ముందే తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మెషిన్లు ఎన్ని ఉన్నా వాటి పనులు మూడు రకాలే. కొన్ని గుండెకి కరెంటు ఇస్తాయి. పేస్‌మేకర్, ఐసీడీ, గుండె రెండు వైపులనీ కలిపి కొట్టించే మూడు తీగల సీఆర్టీ ఈ కోవలోవి. కొన్ని రక్తాన్ని తోస్తాయి లేదా తోయడానికి సాయం చేస్తాయి. బెలూన్ పంపు, గుండె లోపలికి పంపే చిన్న పంపు ఇంపెల్లా, ఎల్‌వ్యాడ్, ఊపిరితిత్తుల పని కూడా చేసే ఎక్మో అలాంటివి. ఇంకొన్ని ఊరికే కూర్చుని గుండె లయని రాసుకుంటాయి. లూప్ రికార్డర్ అంతే, దానితో మనకి పేచీ లేదు.

కరెంటు ఇచ్చేవాటితో మొదలుపెడతాను. వీటి దగ్గర అబద్ధం చెప్పేది మానిటర్.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకాయనకి హార్ట్ ఎటాక్‌తో పాటు కంప్లీట్ హార్ట్ బ్లాక్ వచ్చింది, అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకి కరెంటు అందడం పూర్తిగా ఆగిపోయింది. టీపీఐ, అంటే తాత్కాలిక పేస్‌మేకర్, పెట్టారు. గజ్జల్లోని సిర గుండా తీగ పంపి, బయట బాక్సుకి కలిపి, నిమిషానికి 70 అని రేటు పెట్టారు. మానిటర్ మీద 70 నిలకడగా ఉంది. అలారం లేదు. నేను చార్ట్ రాసుకుంటున్నాను. ఆయన భార్య వచ్చి, "సిస్టరమ్మా, మడిసి పలకట్లేదు" అంది. తలెత్తి చూస్తే మానిటర్ మీద 70. ఒక్క క్షణం నేను మానిటర్‌నే నమ్మాను, అది నిజం. వెళ్లి చెయ్యి పట్టుకుంటే నాడి 30 కూడా లేదు. జరిగిందేమిటంటే, ఆయన కాలు మడిచినప్పుడు లోపల తీగ కొస కొద్దిగా జరిగింది. బాక్సు నిమిషానికి 70 సార్లు కరెంటు పంపుతూనే ఉంది. గుండె అందుకోవడం లేదు. మానిటర్ మాత్రం ఆ కరెంటు గీతల్నే గుండె కొట్టుకోవడంగా లెక్కేసి, అంతా బాగుందని చూపిస్తోంది. డ్యూటీ డాక్టర్ పరుగున వచ్చి బాక్సు మీద అవుట్‌పుట్ పెంచితే గుండె మళ్లీ అందుకుంది. తర్వాత క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్లి తీగ సరిచేశారు.

ఆ రాత్రి తర్వాత నాకు రెండు అలవాట్లు పడ్డాయి. పేస్‌మేకర్ ఉన్న పేషెంట్ బెడ్ మీదకి రాగానే మానిటర్‌లో పేస్ డిటెక్షన్ ఆన్ చేస్తాను. అది ఆన్ చేస్తే మెషిన్ కరెంటు గీతనీ గుండె గీతనీ విడదీసి చూడటానికి ప్రయత్నిస్తుంది. ప్రయత్నిస్తుంది అన్నాను, ప్రతిసారీ గెలవదు. అందుకే రెండోది. సాచురేషన్ ప్రోబ్ ఇచ్చే పల్స్ రేటుని కూడా స్క్రీన్ మీదకి తెస్తాను. ఆ ప్రోబ్ వేలిలో పారే రక్తాన్ని చూస్తుంది, దానికి కరెంటుతో సంబంధం లేదు. ఈసీజీ 70 అంటుంటే ప్రోబ్ 32 అంటే, చేతిలో ఏమున్నా కింద పడేసి బెడ్ దగ్గరికి వెళ్లాలి. ఈ రెండు అంకెలూ ఒకటిగా ఉన్నాయో లేదో చూడటం ఏ మెషిన్ మాన్యువల్ చదవకపోయినా ఎవరైనా చేయగలరు.

టీపీఐ బాక్సు మీద మూడు బటన్లు ఉంటాయి. రేటు అందరికీ అర్థమవుతుంది. అవుట్‌పుట్ అంటే ఎంత గట్టిగా కరెంటు పంపాలి అన్నది, మిల్లీయాంపుల్లో. గుండె అందుకునే కనీస మోతాదు ఎంతో డాక్టర్ కనుక్కుని, దానికి రెండు మూడు రెట్లు పెట్టి ఉంచుతారు. తలతిప్పేది మూడోది, సెన్సిటివిటీ. అంకె తగ్గిస్తే సెన్సిటివిటీ పెరుగుతుంది, అంకె పెంచితే తగ్గుతుంది. చదివిన ప్రతిసారీ తికమకే. నేను మా జూనియర్ పిల్లలకి ఇలా చెబుతాను. మీరు మేడ మీద నించున్నారు, ముందు పిట్టగోడ ఉంది. మిల్లీవోల్టుల అంకె ఆ గోడ ఎత్తు. గోడ మరీ ఎత్తయితే వీధిలో లారీ పోతున్నా మీకు కనపడదు. అలాగే బాక్సుకి పేషెంట్ సొంతంగా కొట్టుకునే గుండె దెబ్బ కనపడదు, దాని మీదే తన కరెంటు వేసేస్తుంది. అది టీ వేవ్ మీద (గుండె తర్వాతి దెబ్బకి సర్దుకునే సమయంలో) పడిందంటే వీఫిబ్‌లోకి, అంటే గుండె కొట్టుకోకుండా ఊరికే వణికే స్థితిలోకి, పోవచ్చు. గోడ మరీ పొట్టిదైతే వీధిలో కుక్క కదిలినా కనపడుతుంది. అప్పుడు బాక్సు కండరం వణుకుని కూడా గుండె దెబ్బ అనుకుని, "సరే, నేను అక్కర్లేదు" అని ఊరుకుంటుంది. పేషెంట్‌కి కళ్లు తిరుగుతాయి. ఈ బటన్లు నర్సు తనంతట తాను తిప్పేవి కావు. కానీ ప్రతి షిఫ్ట్‌లో ఓవర్ తీసుకునేటప్పుడు మూడు అంకెలూ చదివి కేస్ షీట్‌తో పోల్చుకోవాలి, తీగ కనెక్షన్లు ముట్టుకుని చూడాలి, బాక్సు బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగాలి. చాలా బాక్సుల్లో 9 వోల్టుల మామూలు బ్యాటరీయే ఉంటుంది. ఒక స్పేర్ బ్యాటరీ బాక్సుకే ప్లాస్టర్‌తో అంటించి పెట్టుకుంటే, రాత్రి రెండింటికి స్టోర్ తాళం కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఇక మ్యాగ్నెట్. గారె ఆకారంలో, మధ్యలో చిల్లుతో ఉండే అయస్కాంతం ఇది. నేను చూసిన చాలా చోట్ల ఏదో స్టీల్ బీరువా పక్కకి అంటుకుపోయి ఉంటుంది. దాని మీద ఎవరో డ్యూటీ లిస్ట్ తగిలించి ఉంటారు. అది ఎక్కడుందో మీకు తెలుసా? తెలియకపోతే రేపు డ్యూటీకి వెళ్లగానే కనుక్కోండి. మామూలు పేస్‌మేకర్ మీద పెడితే అది గుండెని వినడం మానేసి, తనకి నిర్ణయించిన ఒకే రేటుతో కొడుతూ పోతుంది. ఐసీడీ మీద పెడితే షాక్ ఇవ్వడం ఆపుతుంది, పేసింగ్‌ని (గుండెని కొట్టించే కరెంటుని) మాత్రం మార్చదు. ఈ తేడా తెలియకుండా మ్యాగ్నెట్ పెడితే, ఆపరేషన్ థియేటర్‌లో కాటరీ (కరెంటుతో కోసే పరికరం) వాడుతున్నప్పుడు పేసింగ్ మీదే ఆధారపడిన ఐసీడీ పేషెంట్‌కి గుండె ఆగుతుంటే, మ్యాగ్నెట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండే ప్రమాదముంది. అలాంటివాళ్లకి ముందే కంపెనీ ఇంజినీర్‌ని పిలిపించి ప్రోగ్రామర్‌తో మార్పించాలి. తీగ లేని మైక్రా పేస్‌మేకర్‌కైతే మ్యాగ్నెట్ ఉన్నట్టే తెలియదు, దానిలో ఆ సెన్సరే లేదు.

ఐసీడీ ఉన్నవాళ్లకి గుండె ఆగితే ముట్టుకోవడానికి భయపడే స్టాఫ్‌ని చూశాను. లోపలి మెషిన్ షాక్ ఇచ్చినప్పుడు చెయ్యి వేసి ఉంటే కాస్త జిల్లుమనొచ్చు, అంతకుమించి ప్రాణాపాయం లేదు. కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) ఆపకండి. బయటినుంచి షాక్ ఇచ్చే డీఫిబ్ ప్యాడ్లు మాత్రం మెషిన్ మీద కాకుండా కనీసం 8 సెంటీమీటర్ల దూరంలో వేయండి.

ఇప్పుడు రక్తం తోసే మెషిన్ల సంగతి. వీటిలో మన అలవాట్లన్నిటినీ ఒకేసారి తలకిందులు చేసేది ఎల్‌వ్యాడ్. గుండె మార్పిడికి ఎదురుచూసేవాళ్లకీ, మార్పిడి కుదరనివాళ్లకీ ఎడమ జఠరిక కొసకి పెట్టే పంపు ఇది. చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్ల పెడుతున్నారు. పెట్టించుకున్నాయన ఊరు సీతమ్మధారో, గాజువాకో అయితే, విరేచనాలు పట్టుకున్నప్పుడు చెన్నై పోడు, దగ్గరున్న క్యాజువాలిటీకే వస్తాడు.

బెడ్ మీద కూర్చుని, "మంచినీళ్లు ఇస్తారా సిస్టర్" అని అడుగుతాడు. మీరు మణికట్టు పట్టుకుంటే నాడి అందదు. బీపీ మెషిన్ గాలి నింపుతుంది, వదులుతుంది, మళ్లీ నింపుతుంది, చివరికి ఎర్రర్ చూపిస్తుంది. సాచురేషన్ వస్తే వస్తుంది, రాకపోతే లేదు. స్టెతస్కోపు పెడితే లబ్‌డబ్‌కి బదులు ఫ్రిజ్ పక్కన చెవి పెట్టినట్టు ఒకే హోరు. ఇదంతా ఆయనకి నార్మల్. పంపు లోపల చక్రం నిమిషానికి వేల సార్లు తిరుగుతూ రక్తాన్ని ఆపకుండా తోస్తుంది. కుళాయి తిప్పితే ధార వచ్చినట్టు వస్తుంది, బోరింగ్ కొట్టినట్టు ఆగి ఆగి రాదు. నాడి అంటే ఆ ఆగి ఆగి రావడమే కదా. హార్ట్‌మేట్ 3 అనే రకం రెండు సెకన్లకోసారి వేగం మార్చి చిన్న కృత్రిమ పల్స్ పుట్టిస్తుంది, కానీ అది మన వేలికి అందే నాడి కాదు.

మరి బీపీ ఎలా? రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ ప్రోబ్, చేత్తో నింపే పాత కఫ్. గాలి వదులుతుంటే డాప్లర్‌లో మొదట చప్పుడు వినపడిన అంకెనే మీన్ ప్రెజర్‌గా (సగటు బీపీగా) తీసుకుంటారు. మామూలుగా అది 70 నుంచి 90 మధ్య ఉండాలంటారు. మీ పేషెంట్‌కి ఎంత ఉండాలో పంపు పెట్టిన టీమ్ చెప్పాలి. గైనిక్ వార్డులో బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ దీనికి సరిగ్గా సరిపోదు, రక్తనాళాలకి వాడేది వేరే ఉంటుంది. అది మీ ఆసుపత్రిలో ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉందో పేషెంట్ రాకముందే తెలుసుకోవాలి. బీపీ పెరగడం కూడా ఈ పంపుకి పెద్ద కష్టం. ఎదురు ఒత్తిడి పెరిగితే తోసే రక్తం తగ్గిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినా అంతే, పంపుకి లాగడానికి రక్తం ఉండదు, లో ఫ్లో అలారం కొడుతుంది. విశాఖ మే నెల ఉక్కపోతలో చెమటలు కక్కుతూ వచ్చిన ఎల్‌వ్యాడ్ పేషెంట్‌కి మెషిన్ పాడైందని కంగారు పడేముందు నోరు ఎండిందా, మూత్రం ఎంత వస్తోంది అన్నది చూడండి.

ఆయన స్పృహ తప్పితే? నాడి లేదు అన్నది ఇక్కడ ఏమీ చెప్పదు. ఒళ్లు వెచ్చగా ఉందా, గోరు నొక్కి వదిలితే రంగు వస్తోందా, ఛాతీ మీద హోరు వినపడుతోందా అని చూడాలి. హోరు లేకపోతే కంట్రోలర్, తీగ, బ్యాటరీలు ఒకరు చూస్తుండగానే ఇంకొకరు కంప్రెషన్లు మొదలుపెట్టాలి. హోరు ఉన్నా రక్తప్రసరణ చాలకపోవచ్చు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన వివరణ ప్రకారం మీన్ ప్రెజర్ 50 కన్నా తక్కువున్నా, శ్వాసనాళంలో ట్యూబ్ వేసిన పేషెంట్‌కి ఎండ్ టైడల్ కార్బన్ డయాక్సైడ్ (ఊపిరి వదిలే చివర్లో కొలిచేది) 20 కన్నా తక్కువున్నా కంప్రెషన్లు చేయాలి. పంపు ఊడిపోతుందేమో అన్న భయంతో చేతులు కట్టుకుని నించోవడం కన్నా అదే మేలు. షాక్ కూడా ఇవ్వొచ్చు.

పొట్ట మీద నుంచి బయటికొచ్చే తీగని డ్రైవ్‌లైన్ అంటారు. దాని చివర కంట్రోలర్, దానికి రెండు బ్యాటరీలు. మార్చేటప్పుడు ఒకటి తీసి, కొత్తది పెట్టి, అది పట్టుకుందని చూశాకే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీయడం ఈ పేషెంట్ విషయంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. హార్ట్‌మేట్ 3 కొత్త బ్యాటరీ జత 17 గంటల దాకా వస్తుంది. కంట్రోలర్ లోపలి అత్యవసర బ్యాటరీ ఓ పావుగంట ఆదుకుంటుంది. ఈ లెక్కలు చదివినప్పుడల్లా నాకు హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ తుఫాను తర్వాత ఈ ఊళ్లో చాలా వీధులకి రోజుల తరబడి కరెంటు లేదు. 17 గంటలంటే ఒక పగలు, కొంత రాత్రి. తీరం ఊళ్లో ఎల్‌వ్యాడ్ ఉన్న మనిషి డిశ్చార్జ్ అయ్యేటప్పుడు మాత్రల లిస్టుతో పాటు, కరెంటు పోతే ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకుంటాడు, దగ్గర్లో జనరేటర్ ఉన్న ఆసుపత్రి ఏది, విద్యుత్ శాఖ వాళ్లకి ముందే చెప్పి పెట్టారా అన్నవి కూడా రాసివ్వాలి. వాతావరణ కేంద్రం అల్పపీడనం అనగానే అన్ని బ్యాటరీలూ నిండా ఛార్జ్ చేసుకోమనాలి. సముద్ర స్నానం, ఈత జన్మలో లేనట్టే. మన గాలిలో చెమటకి డ్రైవ్‌లైన్ డ్రెస్సింగ్ అంచులు ఊడిపోతాయి, ఇన్ఫెక్షన్ అక్కడినుంచే మొదలవుతుంది.

బెలూన్ పంపు గురించి క్లుప్తంగా. తొడ గుండా పంపి పెద్ద ధమనిలో ఉంచిన బెలూన్‌ని హీలియంతో నింపుతూ, ఖాళీ చేస్తూ గుండెకి సాయపడే మెషిన్ ఇది. ఐసీయూలో పనిచేసేవాళ్లకి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. కాలు మడవనివ్వకూడదు, తల వైపు 30 డిగ్రీలకి మించి లేపకూడదు. ఎడమ చేతి నాడి తగ్గినా, మూత్రం తగ్గినా బెలూన్ పైకో కిందికో జరిగిందేమో అనుకోవాలి. హీలియం గొట్టంలో గోధుమ రంగు పొడిలాంటిది కనపడితే బెలూన్ చిరిగి రక్తం లోపలికొచ్చిందన్నమాట, వెంటనే డాక్టర్‌ని పిలవాలి. మెషిన్ ఆగిపోతే బెలూన్‌ని అరగంటకి మించి కదలకుండా వదలకూడదు, దాని మీద రక్తం గడ్డకడుతుంది.

సిద్ధపడటం అంటే నా దృష్టిలో పేషెంట్ రాకముందు చేసుకునే ఓ పావుగంట పని. పంపించే ఆసుపత్రికి ఫోన్ చేసి మెషిన్ పేరు, మోడల్, ఏ రేటు, ఏ మోడ్, పేషెంట్ దాని మీద ఎంత ఆధారపడ్డాడు, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అని అడిగి రాసుకోవాలి. పేషెంట్ దగ్గర కార్డు ఉంటుంది, అందులో సగం సమాచారం ఉంటుంది. మిగతా సగం ఇంట్లోవాళ్ల దగ్గర ఉంటుంది. ఎల్‌వ్యాడ్ బ్యాటరీ మార్చడం మనకన్నా ఆయన భార్యకి బాగా వచ్చు. "అమ్మా, మీరు ఇంట్లో ఎలా మారుస్తారో ఒకసారి చూపించండి" అని అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. పాతికేళ్ల సర్వీసున్న నేనే అడుగుతాను. ఆవిడని విజిటింగ్ టైమ్ అయిపోయిందని బయటికి పంపించేస్తే మీకు తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలరు.

పీపీఐ అయినవాళ్లకి ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పేవి చిన్నవే కానీ మన మాటల్లో చెప్పాలి. "షోల్డర్ అబ్డక్షన్ అవాయిడ్ చేయండి" అంటే ఎవరికీ అర్థం కాదు. ఒక మామ్మగారు నన్ను సూటిగా అడిగింది: "సెయ్యి పైకెత్తొద్దంటే జడెవలేస్తారమ్మా?" మనవరాలితో వేయించుకోమన్నాను. దండెం మీద బట్టలు ఆరేయకూడదు, బస్సులో పైరాడ్ పట్టుకోకూడదు, బిందె ఎత్తకూడదు, నాలుగు నుంచి ఆరు వారాలు. అలాగని చెయ్యి కదపకుండా ఒళ్లో పెట్టుకుంటే భుజం బిగుసుకుపోతుంది, భుజం ఎత్తు దాకా కదుపుతూ ఉండాలి. ఫోన్ చొక్కా జేబులో కాకుండా 15 సెంటీమీటర్ల దూరంలో. ఇండక్షన్ స్టవ్ అయితే రెండడుగుల దూరం. భయపడేవాళ్లకి నేను స్వీడన్‌లో ఆర్నె లార్సన్ కథ చెబుతాను. 1958 అక్టోబర్‌లో లోకంలోనే మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషి. ఆ మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. ఆ తర్వాత 20కి పైగా మార్చారు. 2001 దాకా బతికాడు, మెషిన్ తయారుచేసిన ఇంజినీర్, పెట్టిన సర్జన్ ఇద్దరూ పోయాక కూడా.

ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది, చావు గురించి. చివరి రోజుల్లో ఉన్న ఐసీడీ పేషెంట్‌కి షాకులు ఆపించాలా అన్నది డాక్టర్, కుటుంబం కలిసి ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే పోతున్న మనిషిని మెషిన్ కుదిపేస్తూనే ఉంటుంది. పోయాక, చితి వేడికి పేస్‌మేకర్ బ్యాటరీ పేలొచ్చు. మనవాళ్లలో ఎక్కువమంది దహనమే చేస్తారు కాబట్టి ఇది నర్సు అడగాల్సిన ప్రశ్న. ఏడుస్తున్న కొడుకుని పక్కకి తీసుకెళ్లి, "నాన్నగారికి మెషిన్ ఉంది కదా బాబూ, దహనం చేస్తారా, ఖననమా?" అని మెల్లగా అడగాలి. దహనమంటే వాళ్ల సంతకం తీసుకుని, శవాన్ని ఇచ్చేముందే తీయించాలి. ఐసీడీ అయితే ముందు ఆఫ్ చేయించాలి, లేకపోతే తీసేవాళ్లకి షాక్ కొడుతుంది. ఆ కాగితం మీద ఏ మెషినో, కుడి వైపా ఎడమ వైపా అన్నదీ రాసి, మార్చురీ అటెండర్‌కి నోటితో కూడా చెప్పి పంపుతాను.